మందు చవకే, జబ్బు పేరే ఖరీదు

మా పాపకి పుట్టిన మర్నాడే ఫిట్స్ మొదలయ్యాయి. పర్లాకిమిడి నుంచి శ్రీకాకుళం, అక్కడా తగ్గకపోతే విశాఖ. స్కానింగులు, వెన్నులో నీరు తీయడం అవన్నీ రాయను, ఎన్ఐసీయూ (పసిపిల్లల ఐసీయూ) గుమ్మం దగ్గర కూర్చున్నవాళ్లకి తెలిసినవే. మాది ఒడిశా ఆధార్ కాబట్టి ఆరోగ్యశ్రీ లేదు. పాతపట్నం దాటితే అంతా మన భాషే, మన చుట్టాలే, కార్డు మాత్రం చెల్లదు.

ఒక్క రాత్రి మాత్రం మర్చిపోలేను. ఫినోబార్బిటోన్, లెవెటిరాసెటమ్ అని ఫిట్స్ మందులు ఇచ్చారు, ఏదీ పనిచేయలేదు. పాప పెదాలు చప్పరిస్తుంటే పాలకోసమేమో అనుకున్నా, అప్పటికే నా జాకెట్టు తడిసిపోయింది. "ఇదీ ఫిట్సేనమ్మా" అంది నర్సు మెల్లగా. అప్పుడే డ్యూటీ డాక్టరు ఫైలు తిరగేస్తూ "మేనరికమా? ఇంకేం మరి, ఇలాగే ఉంటుంది" అనేసి వెళ్లిపోయాడు. మా అత్త, అంటే మా నాన్న చెల్లెలు, పక్కనే ఉంది. ఆ పూట నుంచి ఆవిడ అన్నం ముట్టలేదు. అతని మీద కోపం నాకిప్పటికీ పోలేదు.

పొద్దున్న వచ్చిన పిల్లల న్యూరాలజీ మేడం మాత్రం దేవతే. "విటమిన్ బీ6 ఇచ్చి చూద్దాం, మొదటి డోసుకి కొందరికి ఊపిరి ఆగొచ్చు, అందుకే మానిటర్ మీద ఉంచే ఇస్తాం" అని విడమర్చి చెప్పారు. సాయంత్రానికి ఫిట్స్ ఆగాయి! నేను నీలమణి దుర్గమ్మకి మొక్కేసుకున్నా, ఎవరు ఆపారని నన్నడక్కండి.

జబ్బేంటో తేలాలంటే ఎక్సోమ్ టెస్టు అనే జన్యు పరీక్ష చేయించాలన్నారు. ముప్పై వేల పైమాటే. తగ్గింది కదా, ఇంకెందుకని మావయ్య గొడవ. బావ బండి అమ్మి కట్టాడు. ఇన్సూరెన్సు వాళ్లు ఆ డబ్బు ఇవ్వలేదు. రిపోర్టులో ఏఎల్‌డీహెచ్7ఏ1 జన్యువులో లోపం, పైరిడాక్సిన్ (బీ6కే ఇంకో పేరు) డిపెండెంట్ ఎపిలెప్సీ, బీ6 ఇస్తేనే ఫిట్స్ ఆగే జబ్బు, అని వచ్చింది. అంటే బీ6 జీవితాంతం ఆపకూడదు, లైసిన్ (ప్రొటీన్లలో ఉండే ఒక పదార్థం) తగ్గించిన ఆహారం పెట్టాలి, మిగతా ఫిట్స్ మందులు ఒక్కొక్కటే తగ్గించొచ్చు. టెస్టు లేకపోతే ఇవేవీ తెలిసేవి కావు. మేనరికంలో అవకాశం ఎక్కువే గానీ, చుట్టరికం లేని జంటల పిల్లలకీ వస్తుందట. అది అత్తకి మేడం చేతే చెప్పించా.

మా లెక్క చూస్తే ఎన్ఐసీయూలో నాలుగు రోజుల బిల్లు కూడా కాదు ఆ టెస్టు. కాలిఫోర్నియాలో ప్రాజెక్ట్ బేబీ బేర్ అని ప్రభుత్వమే డబ్బు పెట్టి 178 మంది పసిపిల్లలకి ఇలాంటి పరీక్ష త్వరగా చేయిస్తే, వైద్యం ఖర్చులో 25 లక్షల డాలర్లు మిగిలాయని తర్వాత చదివా. ఇక్కడ మాత్రం బండి అమ్ముకోవాలి.

ఫిట్స్ మందులకి లొంగకపోతే బీ6 సంగతి, జన్యు పరీక్ష సంగతి మీరే నోరు తెరిచి అడగండి. మొహమాటపడొద్దు.

పాప ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తోంది. అత్త ఇంకో మనవడంటోంది. ప్రతి కాన్పుకీ ఇదే జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంది కాబట్టి మూడో నెలలోనే కడుపులో బిడ్డకి పరీక్ష చేయించాలి, అదెంతవుతుందో ముందే కనుక్కుని చీటీ మొదలెట్టాం.