‘నాయముద్యోగసమయః’ అన్న రాముడు

తొలి ఏకాదశికి మా ఇంట్లో పేలపిండి చేస్తారు. జొన్న పేలాలు దంచి, బెల్లం, కాస్త యాలకుల పొడి కలుపుతారు. నోట్లో వేసుకుంటే కాసేపు మాట రాదు. ఆ కాసేపట్లోనే నాకు ఏటా కిష్కింధకాండలోని రాముడి మాట గుర్తొస్తుంది.

వాలి పోయాడు, సుగ్రీవుడికి రాజ్యం దక్కింది. సీత జాడ ఇంకా తెలియదు. మనమైతే ఆ రాత్రే బయల్దేరమంటాం. రాముడు మాత్రం శ్రావణం వచ్చింది, వానల నాలుగు నెలలూ మొదలయ్యాయి, ‘నాయముద్యోగసమయః’, ఇది ఉద్యోగానికి సమయం కాదు, అని సుగ్రీవుడితో అన్నాడు. ఇక్కడ ఉద్యోగమంటే మన ఆఫీసు కాదు లెండి, పని మీద కదలడం. ‘కార్తికే సమనుప్రాప్తే త్వం రావణవధే యత’ అని గడువు కూడా చెప్పాడు: కార్తికం రాగానే రావణవధకు పూనుకో అని. తమ్ముడితో ప్రస్రవణగిరి గుహకు వెళ్లిపోయాడు.

ఆ వానను చూస్తూ ఎంత బాధపడ్డాడో వాల్మీకి సర్గ నిండా చెప్పాడు. ఆ బాధ మధ్యలోనే రాముడు ఒక మాటంటాడు: భాద్రపదం వచ్చింది, సామగానం చేసేవారికి అధ్యయన సమయం వచ్చింది అని. తన పని ఆగిపోయిన మనిషికి ఇంకొకరి చదువు మొదలయ్యే వేళ గుర్తుండటం చూసి, చదివిన ప్రతిసారీ అక్కడే ఆగిపోతాను. ఇప్పటికీ సామవేదులు భాద్రపదంలో హస్తా నక్షత్రం నాడే ఉపాకర్మ చేసుకుంటారు, యజుర్వేదులకు శ్రావణ పూర్ణిమ. జంధ్యం మార్చుకునే రోజుగానే మనకు తెలుసు గానీ, అది ఆ ఏటి వేదాధ్యయనం మొదలుపెట్టే రోజు. దారులు బురదైపోయి ప్రయాణాలు ఆగితే, గురువూ శిష్యుడూ ఒకచోట కూర్చునే వీలు దొరికేది.

గడువు మరిచింది సుగ్రీవుడు. వానలు వెలిసినా అంతఃపురం దాటలేదు. వాలి వెళ్లిన దారి ఇంకా మూసుకుపోలేదని రాముడు లక్ష్మణుడితో కబురు పంపాల్సి వచ్చింది.

నాదీ సుగ్రీవుడి బాపతే. పోయిన చాతుర్మాస్యంలో, అంటే తొలి ఏకాదశితో మొదలయ్యే ఈ నాలుగు నెలల్లో, వారానికో అనువాకం (ఒక్కో భాగం) చొప్పున, శివుణ్ణి స్తుతించే వేదభాగమైన నమకం నేర్చుకుందామని కూర్చున్నాను. ఉన్నవి పదకొండే, వల్లె వేసుకోవడానికి కూడా వారాలు మిగులుతాయి. నాలుగో అనువాకంలో ‘రథిభ్యోఽరథేభ్యశ్చ’ అయ్యీ అవ్వగానే ‘రథేభ్యో రథపతిభ్యశ్చ’ వస్తుంది. నాలుక అక్కడే తడబడింది. రేపు చూద్దాం అనుకుంటూ ఆశ్వయుజం దాకా లాగాను.

లక్ష్మణుడు రాలేదు గానీ గురువుగారి ఫోన్ వచ్చింది.

“ఏమయ్యా, ఎక్కడిదాకా వచ్చింది?”

“రథాల దగ్గరున్నానండీ.”

“దిగి నడువు. ఇంకా కార్తికం రాలేదు.”