ఒక మీటరు దూరంలోని అంకె

రేడియోధార్మిక పదార్థాన్ని పంపేటప్పుడు నింపే సరుకు పత్రంలో నా చేయి ఇప్పటికీ ఒక్క క్షణం ఆగే గడి ట్రాన్స్‌పోర్ట్ ఇండెక్స్‌ది. ప్యాకేజీకి ఒక మీటరు దూరంలో చుట్టూ కొలిచినప్పుడు వచ్చిన గరిష్ఠ డోసు రేటును, అంటే శరీరానికి తగిలే రేడియేషన్ మోతాదును, గంటకు మిల్లీసీవర్టులలో తీసుకుని, 100తో హెచ్చిస్తే ఆ అంకె వస్తుంది. దశాంశం తర్వాత ఒక స్థానమే ఉంచి, ఎప్పుడూ పైకే సవరించాలి, 1.13 వస్తే 1.2 అని రాయాలి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, వారం వారం వెళ్లే పెట్టే కదా అని, నేను దాన్ని కొలవకుండా పాత పత్రం చూసి 0.8 అని ఎక్కించాను. వాహనంలోకి ఎక్కించే ముందు మా సేఫ్టీ ఆఫీసరు గారు సర్వే మీటరు (రేడియేషన్‌ను కొలిచే పరికరం) పెడితే ఇండెక్స్ 1.3 వచ్చింది. లోపలి సీసపు కుండ ఒక పక్కకు ఒరిగి ఉంది. ఇండెక్స్ 1 దాటితే అది రెండో తరగతి పసుపు లేబుల్ కాదు, మూడోది. పెట్టెకు ఎదురెదురు ముఖాల మీద ఉన్న రెండు లేబుళ్లనూ గోటితో గీకి తీస్తూ, ఈ పెట్టె పక్కన కూర్చుని ప్రయాణించేవారికి ఆ కిరణాలు కనిపించవనీ, వారు నమ్ముకునేది నేను రాసిన అంకెనేననీ ఆ రోజు నాకు బాగా అర్థమైంది.

యాక్టివిటీ, అంటే పదార్థంలో సెకనుకు ఎన్ని పరమాణు కేంద్రకాలు విచ్ఛిన్నమవుతున్నాయో చెప్పే అంకె, రాసే గడి మరింత మోసపుచ్చుతుంది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నిబంధనల ప్రకారం అక్కడ రాయవలసింది రవాణా కాలంలో ఉండగల గరిష్ఠ యాక్టివిటీ, అదీ బెక్వెరల్ అనే ప్రమాణంలో. ఆసుపత్రుల్లో స్కాన్‌లకు కావలసిన టెక్నీషియంను ఇచ్చే మాలిబ్డినం-99 జనరేటర్ల మీద ముద్రించే విలువ తరచుగా వాడే రోజుకు లెక్కగట్టినది. మాలిబ్డినం-99 అర్ధాయువు, అంటే యాక్టివిటీ సగానికి తగ్గే సమయం, సుమారు 66 గంటలు కనుక, ఆ తేదీకి అన్ని గంటల ముందే పెట్టె బయలుదేరితే లోపల ఉన్నది ముద్రించినదానికి రెట్టింపు. లేబుల్‌పై అంకెను చూసి యథాతథంగా దించేస్తే పత్రం అబద్ధమాడినట్టే.

యూఎన్ సంఖ్య (ప్రమాదకర సరుకు రకాన్ని గుర్తించే నాలుగంకెల సంఖ్య), ఐసోటోపు పేరు, భౌతిక, రసాయనిక రూపం వంటివి సాధారణంగా తప్పిపోవు. ఖాళీ పెట్టెల విషయంలోనే తప్పులు జరుగుతాయి. వాటిని యూఎన్ 2908 (ఖాళీ ప్యాకేజింగ్ సంఖ్య) కింద వెనక్కి పంపే ముందు లోపలి గోడలను తుడిచి కాలుష్యాన్ని కొలవాలి, పాత పసుపు లేబుళ్లు కనబడకుండా చేయాలి. ఇప్పుడు నేను ప్రతి కొలత పక్కన సమయాన్ని, మీటరు క్రమసంఖ్యను కూడా రాస్తాను. పాత పత్రాన్ని బల్ల మీద ఉంచుకోను.