నూతిలో పడ్డ చెంబు

అమ్మ సంవత్సరీకం అయిన మర్నాడు అక్క బీరువా తెరిచి, అమ్మ కనకాంబరం రంగు పట్టుచీర తీసి, ఆఖరి రెండేళ్లూ అమ్మకి సేవ చేసిన మనిషి చేతిలో పెట్టేసింది. నన్ను ఒక్క మాట అడగలేదు. నేనేదో అన్నాను. "చుట్టపుచూపుగా వచ్చిపోయేదానివి, నీకేం తెలుసే" అంది. అంతే, తొమ్మిది నెలలు మాటల్లేవు.

మా తెనాలి వైపు ఇలాంటివాటికి ఒక మాట రెడీగా ఉంటుంది: ఏ జన్మ బాకీయో! మా పెద్దమ్మయితే "ఋణానుబంధ రూపేణ పశుపత్నీ సుతాలయాః" అని శ్లోకం కూడా చదివేది. పశువులు, పెళ్ళాం, పిల్లలు, ఇల్లు... అన్నీ ఋణం కొద్దీ వచ్చేవేనట. అందులో అక్కచెల్లెళ్ల ఊసు మాత్రం లేదు.

ఆఫీసులో ఒకావిడ పోరగా పోరగా, హైదరాబాదులోనే పాస్ట్ లైఫ్ రిగ్రెషన్, అంటే హిప్నాసిస్‌తో మగతలోకి దింపి పూర్వజన్మలు గుర్తుకు తెప్పిస్తామనే పని, చేసే ఒకరి దగ్గరికి వెళ్లాను. 3,500 రూపాయలు. ఏసీ గది, వాలుకుర్చీ, మీద పల్చటి దుప్పటి. కళ్లు మూయించి, పది నుంచి వెనక్కి లెక్కపెట్టించి, మెట్లు దిగమన్నారు. కాసేపు ఏమీ లేదు. పొయ్యి మీద పాలు ఆపానా లేదా అన్న టెన్షన్ తప్ప. తర్వాత ఉన్నట్టుండి ఒక నుయ్యి. గిలక చప్పుడు. తడి సిమెంటు చప్టా, దాని మీద పచ్చిగా ఉన్నప్పుడు పుల్లతో గీసిన అంకెలు: 1971. నూతిలోకి రాగిచెంబు పడుతున్న చప్పుడు. బొట్టు పెద్దగా పెట్టుకున్న ఒకావిడ చెయ్యెత్తింది. ఎవరో పిల్ల ఏడుస్తోంది. నిజంగానే నా చెంపలు తడిసిపోయాయి.

"ఆవిడ కళ్లలోకి చూడండి. ఈ జన్మలో ఆవిడ ఎవరు?"

ఆ ప్రశ్న అడిగే పద్ధతిలోనే ఎవరో ఒకరు ఉండి తీరాలి. "మా అక్క" అన్నాను. క్షమించమన్నారు. క్షమించాను. రెండ్రోజులు ఒళ్లు దూదిపింజలా ఉంది. అవతలివాళ్లదే తప్పని జన్మల లెవెల్లో తేలిపోతే ఎవరికి మాత్రం బాగోదు?

కానీ నాది ఆడిట్ ఆఫీసు ఉద్యోగం. నేను పుట్టింది 1978లో. 1971 తర్వాత ఆ నూతి దగ్గర నిలబడి, చచ్చిపోయి, మళ్లీ పుట్టానంటే, అక్కడ నిలబడ్డాక ఏడేళ్లు కూడా బతకలేదన్నమాట. లెక్క కుదరక చదవడం మొదలుపెట్టాను.

1952లో అమెరికాలో కొలరాడోలోని ప్యూబ్లోలో వర్జీనియా టై అనే ఆవిడ హిప్నాసిస్‌లో తన పేరు బ్రైడీ మర్ఫీ అనీ, 1798లో ఐర్లండులో పుట్టాననీ చెప్పింది. దాని మీద వచ్చిన పుస్తకం తెగ అమ్ముడుపోయింది. తీరా షికాగో విలేకరులు తవ్వితే, వర్జీనియా చిన్నప్పుడు వాళ్లింటి ఎదురుగా బ్రైడీ మర్ఫీ కార్కెల్ అనే ఐరిష్ ఆవిడ ఉండేదని తేలింది. పూర్వజన్మలు గుర్తున్నాయన్న పిల్లల కథలు వేలల్లో సేకరించిన ఇయాన్ స్టీవెన్సన్ కూడా, హిప్నాసిస్‌లో బయటికొచ్చేవాటిని నమ్మడానికి వెనకాడాడు. కెనడాలో నికొలస్ స్పానోస్ అనే సైకాలజిస్టు ప్రయోగాలు చేసి చూస్తే, హిప్నటైజ్ చేసేవాళ్లు ఎలాంటి జన్మ వస్తుందని ముందుగా చెబితే ఆ రకం జన్మే బయటికొచ్చిందట. అందరూ అబద్ధమాడుతున్నారని కాదు. నేనూ ఆడలేదు. ఎక్కడ చూశామో మర్చిపోతాం, చూసింది మాత్రం ఉండిపోతుంది.

ఎక్కడ చూశానో చెప్పగలిగేది ఒక్కర్తే. నాకన్నా ఆరేళ్లు పెద్దది.

ఫోన్ రెండో రింగుకే ఎత్తింది. ఎలా ఉన్నావని కూడా అడక్కుండా, "అక్కా, సిమెంటు చప్టా మీద 1971 అని రాసున్న నుయ్యి ఏదైనా తెలుసా?" అన్నాను.

కాసేపు గిన్నెల చప్పుడు తప్ప ఏమీ లేదు.

"అమ్మమ్మ వాళ్ల దొడ్లోది. తాతయ్యే గీశాడు. నీకు నాలుగో ఏడు రాకుండానే పూడ్చేశారుగా, నీకెలా గుర్తు?"

చెంబు సంగతి చెప్పాను. చెయ్యెత్తిన ఆవిడ సంగతీ చెప్పాను. ఆవిడ కళ్లలో ఎవరు కనిపించారో మాత్రం చెప్పలేదు.

"అమ్మమ్మే అది. చెంబు పడేసింది నువ్వు. నిన్ను కనిపెట్టుకుని ఉండమంటే ఉండలేదని నా వీపు విమానం మోత మోగించింది. నువ్వు పక్కన నిలబడి బిక్కమొహం వేసుకుని చూస్తున్నావు."

"మరి ఏడ్చిందెవరు?"

"నేనేనే, ఇంకెవరు!"

చెంబు దొరికిందా అని అడిగాను. పాలేరు గాలం వేసి తీశాడట, మూతి సొట్టపోయిందట, ఇప్పుడు వాళ్లింట్లో తులసికోట దగ్గర అదే చెంబుతో నీళ్లు పోస్తోందట. చీర మాట ఇద్దరమూ ఎత్తలేదు.

"ఇంతకీ ఎంత తీసుకున్నారు?"

"మూడువేల అయిదొందలు."

"నాకు ఫోన్ చేస్తే ఊరికే చెప్పేదాన్ని కదే" అంది.