పద్రోలో నా పేరు

పొద్దున అజుంతమెన్‌కి, అంటే స్పెయిన్‌లోని మా ఊరు లివియా మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళొచ్చాను. పద్రో రెన్యూవల్ పని. ఊళ్ళో ఎవరెవరు ఉంటున్నారో రాసిపెట్టే రిజిస్టరే పద్రో. నాలా యూరోపియన్ యూనియన్ బయటి నుంచి వచ్చి, ఇంకా శాశ్వత నివాసం కార్డు రానివాళ్ళు రెండేళ్ళకోసారి వెళ్ళి ఇక్కడే ఉంటున్నామని చెప్పుకోవాలి, లేకపోతే పేరు తీసేస్తారు. వారం నుంచి ఏదో ఒక కాగితం తక్కువవుతుందేమోనని ఒకటే టెన్షన్. కౌంటర్లో ఆవిడ "బొన్ దియా" అని పలకరించి, పాస్‌పోర్టు తీసుకుని, నా ఇంటిపేరు ఒక్కో అక్షరం పైకి చదువుతూ టైపు చేసి, స్క్రీన్ నా వైపు తిప్పి సరిగ్గా ఉందో లేదో చూసుకోమన్నారు. ఉంది. ముద్ర వేసి ఇచ్చేశారు.

ఇక్కడి ఎన్నికల్లో నాకు ఓటు లేదు, ఒకరి పౌరులకి ఒకరు ఓటు ఇచ్చుకునే ఒప్పందం మన దేశానికి స్పెయిన్‌తో లేదు. కానీ జనాభా లెక్కలో మాత్రం నేనూ ఒకదాన్ని. 1,001 నుంచి 2,000 మంది దాకా ఉన్న ఊరికి 9 మంది కౌన్సిలర్లు, వాళ్ళలోంచి వాళ్ళే మేయర్ని ఎన్నుకుంటారు. మా ఊళ్ళో ఉండేది 1,500 మంది, అటూ ఇటూగా. మంచినీళ్ళు, వీధిదీపాలు, చెత్త, శ్మశానం అన్నీ ఆ చిన్న ఆఫీసే చూసుకోవాలి, అదీ చుట్టూ ఫ్రాన్స్ పెట్టుకుని. మా జిల్లా జిరోనా, దేశం స్పెయిన్, కానీ ఊరు ఎటు దాటినా ఫ్రాన్సే.

దీనికంతటికీ కారణం ఒక్క మాట అంటే నాకిప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. 1659లో పిరెనీస్ ఒప్పందం జరిగాక, సెర్దాన్యా లోయలో 33 పల్లెల్ని స్పెయిన్ ఫ్రాన్స్‌కి ఇచ్చేయాల్సి వచ్చింది. ఒప్పందంలో రాసింది పల్లెలు అని. లివియాకి మాత్రం రాజు ఇచ్చిన 'విలా' హోదా ఉంది, అంటే పట్నం, కాబట్టి అది లెక్కలోకి రాదని వాదించి నిలబెట్టుకున్నారు. 1660లో ఖరారైంది, మళ్ళీ కోట కట్టుకోకూడదన్న షరతుతో. పట్టుమని 13 చదరపు కిలోమీటర్లు కూడా లేని నేల!

ఎండ బాగుందని ఇంటికి పోకుండా దగ్గర్లోని స్పెయిన్ పట్నం పుచ్చర్దాకి వెళ్ళే రోడ్డు మీద కొంతదూరం నడిచాను. ఫ్రాన్స్ నేల మీదుగా మమ్మల్ని స్పెయిన్‌తో కలిపేది ఈ రోడ్డే. 1970ల్లో ఫ్రెంచి రోడ్డు దీన్ని అడ్డంగా దాటే చోట ఫ్రెంచి అధికారులు స్టాప్ బోర్డు పెడితే, మా రోడ్డు మీద మేమెందుకు ఆగాలని ఊరివాళ్ళు పీకేసేవారట, వాళ్ళు మళ్ళీ పాతేవారట, చివరికి అక్కడ వంతెన కట్టాక గానీ ఆ గొడవ సద్దుమణగలేదు. ఇప్పుడు ఆపేవాళ్ళెవరూ లేరు. ఒక పొలం గట్టున సరిహద్దు రాయి కనిపించింది, మోకాలెత్తు కూడా లేదు, నాచు పట్టిన అంకె మీద వేలు పెట్టి చూస్తే చల్లగా తగిలింది. రాయికి రెండు వైపులా ఒకటే గడ్డి.

సాయంత్రం నాన్నకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. "అయితే మన యానాం లాగే కదమ్మా" అన్నారు. నిజమే. మాది తాళ్ళరేవు. చిన్నప్పుడు అమలాపురం వెళ్ళే బస్సులో కిటికీ పక్కన కూర్చుని యానాం ఎక్కడ మొదలైందో, ఎక్కడ అయిపోయిందో చూస్తూ ఉండేదాన్ని. అదీ 1954 దాకా ఫ్రెంచివాళ్ళదే, ఇప్పటికీ పుదుచ్చేరి పాలనలోనే ఉంది, మాట మాత్రం మన తెలుగే. ఇక్కడా అంతే, పక్కనున్న ఫ్రాన్స్ పల్లెల్లో పెద్దవాళ్ళు మాట్లాడేదీ మా ఊరి భాష కాతలానే. "ఓటు ఎప్పుడిస్తారు నీకు?" అని అడిగారు నాన్న. దానికి చాలా టైముందని చెప్పాను.

కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, రెండేళ్ళ తర్వాతి తేదీకి ఫోన్లో రిమైండర్ పెట్టుకున్నాను.