కాలు పోయిన ఆటగాడికి కొత్త నోటు పుస్తకం

గుంటూరు–విజయవాడ హైవే మీద బైకు ప్రమాదంలో మోకాలి కింద కాలు పోయిన కబడ్డీ కుర్రాడిని చూడ్డానికి వెళ్లినవాళ్లు "ఎట్టాంటోడివి ఎట్టా అయిపోయావయ్యా" అంటారు. లేదంటే "పారాలింపిక్స్‌కి వెళ్లాలిరా నువ్వు" అంటారు. మొదటి నెలల్లో రెండూ బరువే. అతనికి పోయింది కాలొక్కటే కాదు. తెల్లారి ఐదింటికి లేచే పని పోయింది, జట్టు పోయింది, ఊళ్లో రైడర్ అన్న పేరు పోయింది. ఏడవనివ్వండి.

లేని పాదం మండుతోందంటే భ్రమ అని కొట్టిపారేయకండి. పాదం పోయినా మెదడులో దాని జాగా అలాగే ఉంటుంది కాబట్టి ఆ నొప్పి నిజమైనదే. ఫిజియో దగ్గర నేర్చుకుని ఇంట్లో అద్దం చికిత్స చేయొచ్చు. రెండు కాళ్ల మధ్య నిలువుటద్దం పెట్టి, ఉన్న కాలు అద్దంలో కనబడేలా, తీసేసిన కాలు వెనక దాగేలా కూర్చోవాలి. రోజూ 15 నిమిషాలు అద్దంలోకే చూస్తూ పాదం మెల్లగా ఆడించాలి. అందరికీ పనిచేయదు, కానీ ప్రయత్నించదగ్గదే. అమ్మలు ప్రేమకొద్దీ మోకాలి కింద దిండు పెడతారు. అది వద్దు. మోకాలు వంగి బిగుసుకుపోతే కృత్రిమ కాలుతో నడక కష్టమవుతుంది.

గ్రౌండుకు తిరిగొచ్చిన రోజు గ్యాలరీలో కూర్చోబెట్టకండి. చేతికి స్టాప్‌వాచ్ ఇవ్వండి, స్కోరు రాయించండి. మొదట అరగంట చాలు. కూర్చుని గుండు (షాట్‌పుట్) విసరడం మొదలుపెట్టాక కొత్త నోటు పుస్తకం తెరవండి. మొదటి పేజీలో తేదీ, మొదటి దూరం. ఇకపై పోలిక దానితోనే, పాత ఆటతో కాదు.

రోహిణీ కార్తెలో హఠాత్తుగా రావడం మానేస్తే "మనసు విరిగింది" అనేస్తారు. ముందు కాలు చూడండి. కృత్రిమ కాలి సాకెట్‌లో (మిగిలిన కాలు దూరే గిన్నెలో) చెమట పట్టి తోలు ఊడి ఉంటుంది చాలాసార్లు. పుండు మానేదాకా కృత్రిమ కాలు తొడగకుండా ఆగి, ఆ తర్వాత మధ్యమధ్యలో దాన్ని తీసి చెమట తుడిచి, పొడి సాక్సు మార్చితే మళ్లీ వస్తాడు.

కుస్తీ కలలు కన్న సుమిత్ అంటిల్ 2015లో ప్రమాదంలో కాలు పోగొట్టుకుని, జావెలిన్‌లో టోక్యో, పారిస్ పారాలింపిక్స్ రెండింటిలోనూ స్వర్ణం గెలిచారు. మందుపాతర పేలి కాలు పోయిన మన నారాయణ కొంగనపల్లె 2024 పారిస్‌లో పడవ పందెంలో (రోయింగ్) పోటీపడ్డారు. ఈ కబుర్లు అతను అడిగినప్పుడు చెప్పండి, ముందే వద్దు.

రెండు వారాలుగా నిద్ర, తిండి సరిగా లేకపోయినా, "నేనుండి ఏం లాభం" అని ఒక్కసారి అన్నా, చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం.

కుదుటపడ్డాడనుకున్న మనిషి సంక్రాంతి పోటీల రోజు మళ్లీ ఏడవొచ్చు. అంతమాత్రాన వెనక్కి పోయినట్టు కాదు. పోటీలకు ముందే "వస్తావా తమ్ముడూ" అని అడగండి. రానంటే సరేననండి. వచ్చే ఏడాది మళ్లీ అడగండి.