పసి ముఖంలో కోపం గీయడం: నా అనుభవం

మా మేనకోడలి బొమ్మ నిన్న రాత్రి పూర్తయింది. మూడో ప్రయత్నానికి! అలిగి కూర్చున్న ఆరేళ్ల పిల్ల, పెన్సిల్‌తో, ఎక్స్‌ప్రెషనిస్టు శైలిలో, అంటే ఉన్నదున్నట్టుగా కాకుండా లోపలి భావం బయటపడేలా. కొలతలు వేసుకోవడం ఒక్క పూటలో అయిపోయింది. పిల్లల కళ్లు తల ఎత్తులో సగానికి కాస్త దిగువన ఉంటాయని గుర్తుంచుకుంటే చాలు.

అవస్థంతా షేడింగ్ దగ్గరే. కోపం కనపడాలని కనుబొమల మధ్య, ముక్కు పక్కన, పెదవి కింద మెత్తగా, నల్లగా గీసే 6బి పెన్సిల్‌తో బలంగా గీతలు లాగాను. బాగా కుదిరిందన్న నమ్మకంతో, చిత్రలేఖనం నేర్పే ఒక పెద్దాయనకు పదిమంది ముందు చూపించాను. ఆయన కాగితం చేతిలోకి కూడా తీసుకోకుండా "ఎవరీ ముసలమ్మ?" అన్నారు. అందరూ నవ్వారు. నా చెవులు వేడెక్కిపోయాయి. ఎలా సరిదిద్దాలని అడిగితే, "ఆ శైలిలో ఎలా గీసినా చెల్లుతుంది కదా!" అని తేల్చేశారు. చెల్లదు. ఇలా మాట్లాడేవారి దగ్గరకు మీ బొమ్మలు తీసుకెళ్లకండి.

ఇంటికొచ్చి చెరపబోతే మరో దెబ్బ. నొక్కి గీసినచోట కాగితం గరుకుదనం పోయి గ్రాఫైట్ నున్నగా మెరుస్తోంది. దానిమీద ఇంకా మెత్తని 8బి కూడా పట్టలేదు. రెండో కాగితమూ అలాగే పాడైంది.

దారి చూపింది జర్మన్ చిత్రకారిణి కేథె కోల్విట్జ్. జర్మనీలో ఆకలితో అలమటించే పిల్లల మీద ఆమె 1920ల్లో వేసిన, రాతిపలకతో అచ్చుతీసే లిథోగ్రాఫ్‌ను గంటసేపు చూస్తూ కూర్చున్నాను. పైకెత్తిన ఖాళీ గిన్నెలు, పైకి చూసే ఆ కళ్లు. బాధంతా అక్కడే ఉంది. పసి ముఖానికి ముడతలుండవు, ఒక్క గీత ఎక్కువైనా పదేళ్లు మీద పడతాయని అప్పుడు అర్థమైంది.

మూడోసారి బుగ్గలను తెల్లకాగితంగానే వదిలేశాను. కోపాన్నంతా జుట్టులోకి, గౌను మడతల్లోకి, వెనకున్న చీకట్లోకి తోశాను. అక్కడ మణికట్టుతో కాక, భుజం నుంచి చెయ్యి ఊపుతూ గీశాను. ముఖంలో కళ్లు కాకుండా నలుపు పడింది కింది పెదవి నీడలో మాత్రమే. దాన్నీ పిండిలా మెత్తగా నలిగే రబ్బరుతో అద్ది పలచన చేశాను. ఆ నీడ గోరంత కూడా ఉండదు. దానికే సాయంత్రమంతా పట్టింది.

ఈ ఉదయం పిల్లకు చూపించాను. చాలాసేపు చూసి, ఆ పెదవి దగ్గర వేలు ఆనించబోయి ఆగింది.

"ఇక్కడ నేను ఏడవడం లేదు కదా మామయ్యా, ఆపుకుంటున్నాను" అంది.