సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సును ఎవరూ రూపొందించలేదా?

స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సు అనే గోల్ఫ్ మైదానం గురించి ఎక్కడ చదివినా, దానికి రూపకర్త అంటూ ఎవరూ లేరని, గాలీ ఇసుకా గొర్రెలూ కలిసి దాన్ని తీర్చిదిద్దాయని రాసి ఉంటుంది. ఈ మాటలో సగమే నిజమని నా అభిప్రాయం. నేలలోని ఎగుడుదిగుళ్లు ప్రకృతివే. గాలి తగలకుండా గొర్రెలు ఒదిగి పడుకున్న చోట గడ్డి అరిగిపోయి, ఇసుక బయటపడి, అవే బంకర్లు (బంతికి అడ్డుపడే ఇసుక గుంతలు) అయ్యాయన్న కథనం కూడా కొట్టిపారేయదగినది కాదు. అయితే ఎన్ని హోల్స్ (బంతిని కొట్టడం మొదలుపెట్టి గుంతలో వేసేదాకా సాగే ఆట భాగాలు) ఆడాలి, ఏ వైపు నుంచి ఆడాలి, గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి) ఎంత వెడల్పు ఉండాలి అన్నవి మనుషులు తీసుకున్న నిర్ణయాలు. వాటిలో చాలావాటికి పేర్లు, సంవత్సరాలు కూడా దొరుకుతాయి.

ఊరికీ సముద్రానికీ మధ్యనున్న ఈ ఇసుక నేలలో గోల్ఫ్ ఆడుకునే హక్కు ఊరివాళ్లకు ఉన్నదని 1552లో ఆర్చ్‌బిషప్ జాన్ హామిల్టన్ ఇచ్చిన పత్రం గుర్తించింది. అదే నేలలో కుందేళ్లను పెంచుకునే హక్కును మాత్రం ఆయన తన దగ్గరే ఉంచుకున్నాడు. ఈ రెండు హక్కులకూ తరువాత పొసగలేదు. అప్పుల పాలైన పట్టణ పాలకులు 1797లో ఆ నేలను అమ్ముకోవడంతో అది కుందేళ్ల వ్యాపారుల చేతికి వెళ్లింది. బొరియలతో ఆట పాడవుతున్నదని ఆటగాళ్లు కోర్టుకెక్కారు, తగాదా ఏళ్ల తరబడి నడిచింది. చివరకు 1821లో జేమ్స్ చీప్ అనే భూస్వామి ఆ నేలను కొని ఆటకు నిలబెట్టాడు. ఆయన కొనకపోయి ఉంటే మనం ఇప్పుడు చర్చించుకోవడానికి కోర్సే మిగిలేది కాదేమో.

అంతకుముందే, 1764లో, మొదటి పెద్ద మార్పు జరిగింది. అప్పట్లో నేలలో ఉన్న గుంతలు 12. ఊరి నుంచి బయలుదేరి 11 ఆడి, వెనక్కి తిరిగి అవే గుంతల్లో ఆడుకుంటూ ఇంటికి చేరితే మొత్తం 22 అయ్యేవి. ఆ ఏడాది విలియం సెయింట్ క్లేర్ అనే ఆటగాడు 121 దెబ్బల్లో ఆ 22నూ ముగించిన తరువాత, మొదటి నాలుగింటినీ కలిపి రెండుగా మార్చాలని అక్కడి గోల్ఫ్ క్లబ్బు సభ్యులు తీర్మానించారు. వెళ్లేటప్పుడు రెండు తగ్గితే వచ్చేటప్పుడూ రెండు తగ్గుతాయి గనక మొత్తం 18 అయింది. దీన్ని వెంటనే లోకమంతా అనుసరించిందనుకోకూడదు. 1860లో ఓపెన్ అనే ప్రసిద్ధ గోల్ఫ్ పోటీ మొదటిసారి జరిగిన ప్రెస్ట్‌విక్‌లో ఉన్నవి 12 హోల్సే.

19వ శతాబ్దం మధ్యలో గట్టాపెర్చా అనే చెట్టు జిగురుతో చేసిన చవక బంతి రావడంతో ఆడేవాళ్లు ఒక్కసారిగా పెరిగారు. పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ ఒకే గుంత దగ్గర ఎదురుపడుతుంటే, ఇరుకు వంతెన మీద రెండు వైపుల నుంచీ బండ్లు వచ్చినట్టుండేది. అందుకని ముళ్లపొదలు కొట్టి దారిని వెడల్పు చేశారు, గ్రీన్లను పెంచి ఒక్కొక్కదానిలో రెండేసి గుంతలు తవ్వారు. ఈ పనిలో ప్రధాన పాత్ర ఆ ఊరి మేటి ఆటగాడు, బంతుల తయారీదారు అలన్ రాబర్ట్‌సన్‌దని చెబుతారు. ఇప్పటికీ అక్కడ ఏడు జంట గ్రీన్లు ఉన్నాయి. 2వ దానికి 16, 3వ దానికి 15, ఇలా జతపడిన రెండు అంకెలను కలిపితే ఎప్పుడూ 18 వస్తుంది. 1, 9, 17, 18 మాత్రం ఒంటరివి. కోర్సు వెడల్పయ్యాక ఆటే మారిపోయింది. అంతవరకు ఒకే సన్నని బాటలో కొట్టవలసిన బంతిని ఇప్పుడు భద్రమైన వైపు ఎక్కువ దూరం తిప్పి తీసుకువెళ్లవచ్చు, లేదా బంకర్లకు దగ్గరగా కొట్టి తరువాతి దెబ్బకు మంచి కోణం సంపాదించవచ్చు. రద్దీ కోసం చేసిన పని ఆటగాడి ముందు ఇన్ని దారులు పెట్టడమే నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా ఆసక్తికరం.

రాబర్ట్‌సన్ దగ్గర బంతుల తయారీ నేర్చుకుని, ఆ గట్టాపెర్చా బంతి విషయంలోనే గురువుతో చెడి వెళ్లిపోయిన టామ్ మోరిస్, 1860ల మధ్యలో మైదాన సంరక్షకుడిగా తిరిగి వచ్చాడు. గ్రీన్ల మీద ఇసుక చల్లి గడ్డిని బలపరచడం ఆయన పట్టుబట్టి చేయించిన పని. 1870 ప్రాంతంలో ఆయన స్విల్కన్ వాగు అంచున మొదటి హోల్‌కు విడిగా గ్రీన్ వేశాడు. అంతవరకు మొదటి టీ (హోల్‌లో తొలి దెబ్బ కొట్టే చోటు) నుంచి కొట్టిన బంతి 17వ గ్రీన్‌కే వెళ్లేది, ఆట గడియారపు ముల్లు తిరిగే దిక్కున సాగేది. కొత్త గ్రీన్‌తో ఎదురు దిక్కున ఆడటం వీలైంది. కొంతకాలం రెండు దిక్కులనూ మార్చి మార్చి వాడి, చివరకు ఇప్పటి దిక్కునే ఖాయం చేశారు. కోర్సులో ఉన్న 112 బంకర్లలో కొన్ని టీ మీద నిలబడినవాడికి అసలు కనిపించకపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం. 12వ హోల్ టీ నుంచి చూస్తే ఫెయిర్‌వే (టీకీ గ్రీన్‌కీ మధ్య కత్తిరించిన గడ్డి బాట) నిరపాయంగా కనిపిస్తుంది, గ్రీన్ దగ్గరికి చేరి వెనక్కి తిరిగి చూస్తే మధ్యలో నోళ్లు తెరిచిన బంకర్లు వరసగా బయటపడతాయి. అవి ఎదురు దిక్కు నుంచి వచ్చేవాళ్లకు స్పష్టంగా కనిపించేవి. మోరిస్ ఒక్క బంకర్‌నూ కదపకుండానే, దిక్కు మారడం వల్ల వాటిలో కొన్ని గుప్తమైపోయాయి.

17వ హోల్‌లో ఈ చరిత్రంతా ఒకే చోట చూడవచ్చు. పాత రైల్వే షెడ్ల ఆకారంలో కట్టిన షెడ్ల మీదుగా, పక్కన హోటల్ ఉండగా, ఫెయిర్‌వే కనిపించకుండానే మొదటి దెబ్బ కొట్టాలి. గ్రీన్ ఎత్తుగా, అడ్డంగా, సన్నగా ఉంటుంది. దాని ముందు ఎడమ పక్కన నిలువు గోడల లోతైన బంకర్, వెనుక రహదారి, దాని అవతల రాతి గోడ ఉంటాయి. రహదారి కూడా ఆటలో భాగమే, బంతి దాని మీద ఆగితే అక్కడి నుంచే కొట్టాలి. 1978 ఓపెన్‌లో జపాన్ ఆటగాడు నకాజిమా రెండు దెబ్బల్లో గ్రీన్ చేరి కూడా, పుట్ చేసిన (గుంత వైపు నేల మీద దొర్లించిన) బంతి జారి బంకర్‌లో పడగా, చివరకు 9 దెబ్బలతో బయటపడ్డాడు. 2022లో కామెరాన్ స్మిత్ అదే బంకర్‌ను చుట్టి వచ్చేలా పుట్ చేసి పార్ (ఆ హోల్‌కు నిర్ణయించిన దెబ్బల లెక్క) కాపాడుకుని, ఒక్క దెబ్బ తేడాతో ఓపెన్ గెలిచాడు.

గోల్ఫ్ కోర్సుల రూపశిల్పి అలిస్టర్ మెకెంజీ ఈ కోర్సును కొలిచి 1924లో గీసిన పటం ఇప్పటికీ ప్రసిద్ధం. తరువాత ఆయనా అమెరికా గోల్ఫ్ ఆటగాడు బాబీ జోన్సూ కలిసి అమెరికాలోని అగస్టాలో, మొదట్లో 22 బంకర్లతోనే, విశాలమైన కోర్సు నిర్మించినప్పుడు ఓల్డ్ కోర్సే వాళ్ల మనసులో ఉంది.

ఇక 2012లో కోర్సుల రూపశిల్పి మార్టిన్ హాట్రీ సలహాతో కొన్ని మార్పులు మొదలుపెట్టినప్పుడు పెద్ద గొడవ జరిగింది. 17వ హోల్ బంకర్‌ను కొంచెం వెడల్పు చేశారు, 11వ గ్రీన్ వెనుక ఎడమ భాగం ఎత్తు తగ్గించారు, కొన్ని బంకర్లను కదిపారు. పవిత్రమైన నేలను ముట్టుకోకూడదన్న వాదన నాకు నచ్చలేదు, ఎందుకంటే ఆ నేలను ముట్టుకోని తరం లేదు. అయినా నేను కూడా వ్యతిరేకుల పక్షమే. రాబర్ట్‌సన్, మోరిస్ చేసిన మార్పులు అక్కడ రోజూ ఆడే జనానికి చోటు కల్పించడానికి చేసినవి. ఈసారి చేసినవి ప్రధానంగా కొన్నేళ్లకోసారి వచ్చే ఓపెన్‌లో మేటి ఆటగాళ్లను కాస్త కష్టపెట్టడానికి. వాళ్ల బంతి మరీ దూరం పోతున్నదన్నది నిజమే, కానీ బంతికి, కర్రకు నియమాలు రాసే సంస్థల్లో ఒకటైన ఆర్ అండ్ ఎ ఆ ఊళ్లోనే ఉండగా, బంతిని వదిలేసి ముందుగా గ్రీన్‌నే ఎందుకు దిద్దాలో నాకు అర్థం కాలేదు.